ఇంటి బడిలో లెక్కలు: ఏ పుస్తకం పట్టుకోవాలి?

బడికి పంపకుండా ఇంట్లోనే చదువు చెప్పుకునే తల్లిదండ్రులు బెంగళూరులోనో హైదరాబాదులోనో మాత్రమే ఉంటారని అనుకుంటాం. బత్తలపల్లి, ధర్మవరం వైపు కూడా అలాంటి ఆలోచన ఉన్న ఇళ్లు అక్కడక్కడా కనిపిస్తున్నాయి. కంప్యూటర్ ఉద్యోగం ఇంటి నుంచే చేసుకోవచ్చని బెంగళూరు వదిలి సొంతూరు చేరినవాళ్లు కొందరు. బిడ్డకు ఎక్కువకాలం వైద్యం అవసరమై, ఆసుపత్రికీ ఇంటికీ తిరగడంలో బడి తప్పిపోయినవాళ్లు కొందరు. ఆరేళ్ల పిల్లను తెల్లారకముందే లేపి బస్సెక్కించడం మనసొప్పనివాళ్లు మరికొందరు. కథలు చెప్పడం, చదివించడం, రాయించడం వీళ్లకు పెద్ద కష్టం కాదు. లెక్కల దగ్గరికొచ్చేసరికి ధైర్యం సన్నగిల్లుతుంది. ‘ఏ సిలబస్ పెట్టుకోవాలి, ఏ పుస్తకం కొనాలి?’ అన్నది అందరి ప్రశ్న.

నా సమాధానం మొదటే చెప్పేస్తాను. ఒకటి నుంచి మూడో తరగతి దాకా లెక్కలకు ఖరీదైన కిట్టు అవసరం లేదు. మంచి పుస్తకం ఒక్కటి చాలు. దాన్ని మూడేళ్లూ వదలకుండా పట్టుకోవాలి. ప్రతి కొత్త విషయం ముందు బిడ్డ చేతిలోకి రావాలి, తర్వాత నోట్లోకి, ఆఖరున కాగితం మీదికి. ఈ వరుస తప్పని పుస్తకమే మంచి పుస్తకం. ఎలా గుర్తుపట్టాలో, ఇంట్లో ఎలా నడపాలో వివరంగా చూద్దాం.

ముందు చట్టం సంగతి

విద్యాహక్కు చట్టం 2009లో వచ్చి, 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలను దగ్గరి బడిలో చేర్పించడం తల్లిదండ్రుల బాధ్యత అని అది చెబుతుంది. చేర్పించని తల్లిదండ్రులకు ఆ చట్టంలో శిక్షేమీ రాయలేదు. ఇంటి చదువును పేరు పెట్టి అనుమతించిందీ లేదు, నిషేధించిందీ లేదు. అదే చట్టం ఇంకో మంచి పని చేసింది. బడికి వెళ్లని బిడ్డ ఎప్పుడు వచ్చినా వయసుకు తగిన తరగతిలో చేర్చుకోవాలని చెప్పింది.

పెద్దయ్యాక దారి కూడా ఉంది. జాతీయ సార్వత్రిక విద్యా సంస్థ, అంటే ఎన్ఐఓఎస్, మూడు, ఐదు, ఎనిమిది తరగతులకు సమానమైన మూడు స్థాయిలు నడుపుతోంది. పద్నాలుగేళ్లు నిండినవాళ్లు దాని ద్వారా పది పరీక్ష రాయవచ్చు. మన రాష్ట్రంలో సార్వత్రిక విద్యాపీఠమూ ఉంది. కాబట్టి మీరు ఏ పుస్తకం ఎంచుకున్నా బిడ్డ రేపు బడికి వెళ్లాలనుకుంటే ఇబ్బంది పడకుండా ఉండాలన్నది మొదటి షరతుగా పెట్టుకోండి. ఇంటి చదువు ఏడాదికే ఆగిపోవచ్చు, పదేళ్లు సాగవచ్చు. రెండింటికీ సిద్ధంగా ఉండాలి.

ఎంత వస్తే చాలు?

చాలామంది తల్లిదండ్రులు అవసరానికి మించి కంగారు పడతారు. పక్కింటి పిల్లాడికి యూకేజీలోనే ఇరవై ఎక్కాలు వచ్చాయని విని, మన బిడ్డ వెనకబడిందని దిగులు పడతారు. కేంద్ర ప్రభుత్వం 2021 జులైలో మొదలుపెట్టిన నిపుణ్ భారత్ లక్ష్యాలు ఒకసారి చూడండి. ఒకటో తరగతి అయ్యేసరికి 99 దాకా సంఖ్యలు చదవడం, రాయడం, చిన్న చిన్న కూడికలు, తీసివేతలు. రెండో తరగతికి 999 దాకా సంఖ్యలు, 99 లోపు తీసివేతలు. మూడో తరగతికి 9999 దాకా సంఖ్యలు, తేలికపాటి గుణకారాలు. అంతే. మూడేళ్లలో ఇది నిదానంగా నడిచి వెళ్లినా చేరగల దూరం.

అయితే 99 దాకా చదవడం వేరు, 99లో తొమ్మిది పదులు, తొమ్మిది ఒకట్లు ఉన్నాయని తెలియడం వేరు. వంద దాకా గడగడా అప్పజెప్పే పిల్లలను ‘47లో పదులెన్ని?’ అని అడిగితే తెల్లమొహం వేయడం మామూలే. ఈ మూడేళ్ల లెక్కల చదువుకు గుండెకాయ పదుల అవగాహనే. అది కుదిరితే పెద్ద కూడికలు, తీసివేతలు, గుణకారాలు దాని మీద నిలబడతాయి. కుదరకపోతే ఐదో తరగతిలోనూ చేతివేళ్లే దిక్కవుతాయి.

మన ముందున్న దారులు

మొదటిది రాష్ట్ర ప్రభుత్వ పాఠ్యపుస్తకం. 2020 తర్వాత వచ్చిన పుస్తకాల్లో ఒక పేజీ తెలుగులో, ఎదురు పేజీ ఇంగ్లిష్‌లో ఉంటాయి. ఇంటి చదువుకు ఇది గొప్ప సౌకర్యం. అవ్వ తెలుగు పేజీ చూసి చెప్పవచ్చు, నాన్న ఇంగ్లిష్ పేజీ చూసి చెప్పవచ్చు, ఇద్దరూ చెప్పేది ఒకటే పాఠం. ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. రేపు ఊళ్లో బడిలో చేరినా అదే పుస్తకం.

రెండోది ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకం. 2022 అక్టోబరులో చిన్నపిల్లల చదువుకు జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం వచ్చాక, దాన్ని అనుసరించి 2023లో ఒకటి, రెండు తరగతులకు ‘జాయ్‌ఫుల్ మ్యాథమేటిక్స్’ తెచ్చారు. ఒకటో తరగతి పుస్తకం అంకెలతో మొదలవదు. పిల్లిని వెతికే ఆటతో మొదలవుతుంది. పైన, కింద, లోపల, బయట, దగ్గర, దూరం అన్నవి బిడ్డ ముందు నోటితో చెప్పాలి. ఆటలు, బొమ్మలు, చేసి చూసే పనులు బాగా ఉన్నాయి. ఇంగ్లిష్ లేదా హిందీ చదవగల తల్లిదండ్రులకు మంచి ఎంపిక. ఇదీ ఇంటర్నెట్‌లో ఉచితమే.

మూడోది మన దారిలోనే ఉంది. బత్తలపల్లి మీదుగా కదిరి వైపు పోయే రోడ్డు పట్టుకుని మదనపల్లె చేరితే, దాని దగ్గరే రిషివ్యాలీ. అక్కడి గ్రామీణ విద్యాకేంద్రం చుట్టుపక్కల పల్లెల్లో చిన్న బడులు నడపడానికి ఒక పద్ధతి తయారుచేసింది. పాఠ్యపుస్తకాన్ని చిన్న చిన్న కార్డులుగా విడగొట్టి, వాటిని నిచ్చెన మెట్లలా వరుసగా పేర్చింది. బిడ్డ ఏ మెట్టు మీద ఉందో బిడ్డకే తెలుస్తుంది. ఒక మెట్టు వచ్చాకే పై మెట్టు. తరగతిలో వయసు తేడా ఉన్న పిల్లలుంటారు కాబట్టి ఎవరి వేగం వాళ్లదే. తమిళనాడు ప్రభుత్వ బడుల్లో వచ్చిన కార్డుల పద్ధతికీ మూలం ఇదే. ఆరేళ్ల అక్క, నాలుగేళ్ల తమ్ముడు ఒకే చాప మీద కూర్చునే ఇంటికి ఇంతకంటే తగిన ఆలోచన లేదు. కార్డులు దొరక్కపోయినా ఆ పద్ధతి తీసుకోవచ్చు. మీ దగ్గరున్న పుస్తకంలోని పాఠాలను మెట్లుగా ఒక అట్ట మీద రాసి గోడకు తగిలించండి. వచ్చిన మెట్టుకు బిడ్డే రంగు వేయాలి.

నాలుగోది మాంటిస్సోరి సామగ్రి. విద్యావేత్త మరియా మాంటిస్సోరి 1939లో మద్రాసు వచ్చి, యుద్ధకాలమంతా మన దేశంలోనే ఉండి ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చారు. ఆమె లెక్కల పూసలు ప్రసిద్ధం. విడి పూస ఒకటి, పది పూసల కడ్డీ, వంద పూసల చదరం, వెయ్యి పూసల ఘనం. వెయ్యి అంటే ఎంతో బిడ్డ చేత్తో ఎత్తి చూసుకోగలదు. ఆలోచన అద్భుతం, సామగ్రి మాత్రం ఖరీదు. వందల దాకా మన ఇంటి వస్తువులతోనే ఆ పని జరుగుతుంది.

ఐదోది సింగపూర్ పద్ధతి. 1980ల నుంచి ఆ దేశం వస్తువు, బొమ్మ, గుర్తు అనే మూడు దశల్లో లెక్కలు నేర్పుతోంది. 1995లో జరిగిన అంతర్జాతీయ పరీక్షల్లో సింగపూర్ పిల్లలు మొదటి స్థానంలో నిలిచాక ప్రపంచమంతా ఆ పుస్తకాల వైపు చూసింది. పుస్తకాలు నిజంగా బాగుంటాయి. అయితే ఇంగ్లిష్ వాక్యాలు బాగా అర్థమయ్యే బిడ్డకే అవి పనికొస్తాయి, ఖర్చూ ఎక్కువే. ఇంట్లో ఇంగ్లిష్ అలవాటుగా మాట్లాడుకుంటుంటే తీసుకోండి. లేకపోతే పద్ధతిని మాత్రం తీసుకోండి.

అబాకస్, వర్క్‌షీట్ల క్లాసుల గురించీ అడుగుతారు. అవి వేగానికి సాధన ఇస్తాయి. పాఠ్యప్రణాళిక స్థానంలో వాటిని పెట్టుకోకూడదు. అర్థం కుదిరాక వేగం మేలు చేస్తుంది, కుదరకముందు వేగం కీడు చేస్తుంది.

కొనేముందు నాలుగు పరీక్షలు

పుస్తకం అట్ట మీద ఏం రాశారో వదిలేసి లోపల నాలుగు చోట్ల తెరిచి చూడండి.

మొదట పదుల పాఠం తెరవండి. 10 దాటిన సంఖ్యలు ఎలా పరిచయం చేశారు? పుల్లల కట్టలు, పూసల దండలు, పదేసి గడుల బొమ్మలు కనిపిస్తే మంచిది. పదుల స్థానం, ఒకట్ల స్థానం అని గీతలు గీసి అంకెలు నింపమని నేరుగా చెబితే ఆ పుస్తకం పక్కన పెట్టండి.

తర్వాత తీసివేత పాఠం. 8లోంచి 3 తీసివేయడానికి మూడు అర్థాలున్నాయి. ఎనిమిది శెనక్కాయల్లో మూడు తినేస్తే మిగిలినవెన్ని అన్నది ఒకటి. నీ దగ్గర ఎనిమిది, తమ్ముడి దగ్గర మూడు, నీకెన్ని ఎక్కువ అన్నది రెండోది. మూడు ఉన్నాయి, ఎనిమిది కావాలంటే ఇంకా ఎన్ని తేవాలి అన్నది మూడోది. మంచి పుస్తకంలో మూడూ ఉంటాయి. తినేయడం, ఎగిరిపోవడం, పగిలిపోవడం మాత్రమే ఉంటే బిడ్డ రేపు ‘ఎంత ఎక్కువ?’ అనగానే రెండూ కూడేస్తుంది.

మూడోది సమానం గుర్తు. 5 + 3 = ☐ + 2 లాంటి లెక్క పుస్తకంలో ఎక్కడైనా ఉందా? లేకపోతే మీరే బిడ్డను అడిగి చూడండి. చాలామంది పిల్లలు గడిలో 8 రాస్తారు. సమానం గుర్తంటే ‘ఇక జవాబు రాయి’ అని వాళ్లు అర్థం చేసుకున్నారన్నమాట. రెండు వైపులా బరువు ఒకటే కావాలన్న సంగతి మొదటి రెండేళ్లలోనే తెలియాలి. ఇక్కడ తెలియనిది ఎనిమిదో తరగతి బీజగణితంలో అడ్డం తిరుగుతుంది.

నాలుగోది మీ కోసం. ఈ పాఠం ఎలా చెప్పాలో, బిడ్డను ఏం అడగాలో పెద్దవాళ్లకు చెప్పే మాటలు పుస్తకంలో ఉన్నాయా? బడిలో పంతులమ్మకు శిక్షణ ఉంటుంది, ఇంట్లో మీకు ఆ నాలుగు మాటలే ఆధారం. పేజీ నిండా ఒకే రకం లెక్కలు ముప్పై ఇచ్చి ఊరుకున్న పుస్తకం ఇంటి చదువుకు తగదు.

కట్ట విప్పడం

చేతి నుంచి కాగితానికి లెక్క ఎలా నడుస్తుందో ఒక్క ఉదాహరణ దగ్గరగా చూద్దాం. 32లోంచి 15 తీసివేయాలి. మామూలుగా మనం ఏం చెబుతాం? ‘రెండులోంచి ఐదు పోదు, పక్కింటి నుంచి అప్పు తెచ్చుకో’ అంటాం. బిడ్డ మూడును కొట్టేసి రెండు వేస్తుంది, రెండు పక్కన ఒకటి పెడుతుంది. జవాబు వస్తుంది. ఏం జరిగిందో బిడ్డకు తెలియదు.

ఇప్పుడు చీపురు పుల్లలు జానెడు చొప్పున విరిచి, పదేసి కట్టలుగా రబ్బరు బ్యాండ్లు వేయండి. బిడ్డ ముందు మూడు కట్టలు, రెండు విడి పుల్లలు పెట్టండి. కట్టలు కట్టే పని బిడ్డ చేతే చేయించాలి. పదిని లెక్కపెట్టి కట్టిన చెయ్యే కట్టలో పది ఉన్నాయని నమ్ముతుంది.

“ముప్పై రెండు పుల్లలుండాయి. నాకు పదిహేను ఇయ్యాల. ఎట్లిస్తావు?”

బిడ్డ ఒక కట్ట ఇస్తుంది. ఇంకా ఐదు కావాలి. చేతిలో చూసుకుంటుంది.

“విడిగా రెండే ఉండాయి కదమ్మా!”

ఇక్కడ మీరు ఏమీ చెప్పకండి. ఊరికే కూర్చోండి. ఆ కాసేపు ఓపిక పట్టడమే ఈ పాఠంలో మీ పని. బిడ్డ కట్టల వైపు చూస్తుంది, మీ వైపు చూస్తుంది.

“కట్ట విప్పుదామా?”

విప్పితే విడి పుల్లలు పన్నెండవుతాయి. అందులోంచి ఐదు మీకిస్తుంది. మిగిలింది ఒక కట్ట, ఏడు పుల్లలు. పదిహేడు. అప్పు లేదు, పక్కిల్లు లేదు. కట్ట విప్పడమే ఉంది. ఇలా కొన్ని రోజులు నడిచాక పుల్లలకు బదులు నిలువు గీతలతో కట్టలు, చుక్కలతో ఒకట్లు పలక మీద గీయమనండి. కట్ట విప్పినప్పుడు గీతను కొట్టేసి పది చుక్కలు పెడుతుంది. అటు తర్వాతే అంకెలు. అప్పుడు మూడును కొట్టేసి రెండు వేసే ప్రతిసారీ ఆ చేతికి తాను విప్పిన కట్ట గుర్తుంటుంది.

పది రూపాయల నోట్లు, రూపాయి బిళ్లలతోనూ ఇదే ఆట ఆడవచ్చు. పుల్లల తర్వాతే ఆడండి. కట్టలో పది పుల్లలు కంటికి కనిపిస్తాయి, నోటులో పది రూపాయి బిళ్లలు కనిపించవు.

ఏ భాషలో?

చిన్నతనంలో లెక్క అర్థం కావాల్సింది ఇంటి భాషలో. తెలుగు ఇందులో బిడ్డకు బాగా సాయం చేస్తుంది. పదమూడు, పద్నాలుగు, పదిహేను అన్నప్పుడు పది ముందు వినిపించి, పైన ఎన్నో తర్వాత వస్తుంది. ఇరవై మూడు అన్నా అంతే. పలికే వరుస, రాసే వరుస ఒకటే. ఇంగ్లిష్‌లో థర్టీన్ అంటే మూడు ముందు, పది తర్వాత వినిపిస్తాయి. థర్టీన్, థర్టీ మధ్య పిల్లలు తడబడేది, 13ను 31గా రాసేది ఇందుకే. తెలుగులో పదులు కుదిరాక ఇంగ్లిష్ పేర్లు నేర్పితే అవి తొందరగా అతుక్కుంటాయి.

హిందూపురం, మడకశిర వైపు కన్నడం మాట్లాడే ఇళ్లున్నాయి. వాళ్లు కన్నడంలోనే చెప్పుకోవచ్చు. ధర్మవరం, కదిరి వైపు ఉర్దూ ఇళ్లున్నాయి. ఉర్దూలో 99 దాకా దాదాపు ప్రతి సంఖ్యకూ ఒక్కో కొత్త పేరు నేర్చుకోవాలి. ఆ ఇళ్లలో పేర్లకు ఎక్కువ రోజులు పడుతుంది, పుల్లల కట్టలతో ఇంకొంచెం ఎక్కువ కాలం గడపాలి. బిడ్డ మందమని అనుకోకూడదు.

బజారు లెక్క, పలక లెక్క

‘మా పిల్లోడు అంగడికి పోయి చిల్లర సరిగ్గా తెస్తాడు. వాడికి వేరే లెక్కలెందుకు?’ అనేవాళ్లున్నారు. ‘మా పాప పుస్తకంలో లెక్కలన్నీ చేసేస్తుంది’ అని సంతోషపడేవాళ్లూ ఉన్నారు. ఈ రెండు మాటల్లోనూ సగం నిజమే ఉంది.

1985లో వచ్చిన ఒక అధ్యయనం కోసం బ్రెజిల్‌లోని రెసిఫే నగరంలో వీధుల్లో సరుకులమ్మే పిల్లలను పరిశోధకులు గమనించారు. కొబ్బరికాయలు, నిమ్మకాయలు కొంటూ లెక్క అడిగితే నూటికి 98 సరిగ్గా చెప్పారు. అవే లెక్కలు కాగితం మీద ఇస్తే నూటికి 37 మాత్రమే సరిగ్గా వచ్చాయి. మన దేశంలోనూ ఆర్థికవేత్తలు అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో, వాళ్లతో పనిచేసినవాళ్లు కోల్‌కతా, ఢిల్లీ బజారుల్లో పనిచేసే పిల్లలను పరిశీలించి 2025లో నేచర్ పత్రికలో రాశారు. బజారులో చిక్కు లెక్కలు నోటితో చేసే పిల్లలు పుస్తకంలోని తేలిక లెక్కలు చేయలేకపోయారు. బడి పిల్లలు పుస్తకం లెక్కలు చేసి, బజారు లెక్క దగ్గర తడబడ్డారు. ఒక చోట నేర్చుకున్నది ఇంకో చోటికి తనంతట తాను వెళ్లదని దీని అర్థం. ఎవరో ఒకరు రెండింటినీ కలపాలి.

ఇంటి చదువుకు ఉన్న పెద్ద బలం ఇక్కడే. బడిలో పంతులమ్మకు నలభై మందిని టమాటా బండి దగ్గరికి తీసుకెళ్లడం కుదరదు. మీకు రోజూ కుదురుతుంది. అంగడి నుంచి వచ్చాక ‘ఎంతిచ్చినాం, ఎంతయింది, ఎంత మిగిలింది?’ అన్నది పలక మీద రాయించండి. అలాగే పుస్తకంలో 20 – 12 చేశాక ‘దీనికి అంగడి కథ ఒకటి చెప్పు’ అనండి. కథ చెప్పగలిగిన రోజున ఆ లెక్క బిడ్డకు సొంతమైనట్టు.

మన చుట్టూ ఇలాంటి లెక్కలకు కొదవ లేదు. ఒలిచే ముందు పది శెనక్కాయలు పెట్టి గింజలెన్ని ఉంటాయో ఊహించమనండి, ఒలిచి లెక్కపెట్టమనండి. మగ్గం ఉన్న ఇంట్లో చీర అంచు చూపించి రెండు నెమళ్లు, ఒక పువ్వు, మళ్లీ రెండు నెమళ్లు వస్తే తర్వాత ఏమొస్తుందో అడగండి. వాకిట్లో 1, 3, 5, 7, 5, 3, 1 చుక్కల ముగ్గు పెట్టేటప్పుడు మొత్తం చుక్కలు లెక్క తేల్చమనండి. 25 వస్తాయి. ఎలా లెక్కపెట్టావని అడిగితే ఒక్కో బిడ్డ ఒక్కో దారి చెబుతుంది. ఆ దారులు వినడమే మీకు మంచి పరీక్ష పేపరు.

రోజుకు అరగంట

2022 జాతీయ చట్రం చిన్నపిల్లల లెక్కల సమయాన్ని నాలుగు భాగాలు చేసింది. నోటితో లెక్కల ముచ్చట, కొత్త విషయం నేర్పడం, నేర్చినదాన్ని సాధన చేయడం, లెక్కల ఆట. ఇంట్లో దీన్ని అరగంటకు కుదించుకోవచ్చు.

మొదటి ఐదు నిమిషాలు నోటిలెక్కలు. పలక, పుస్తకం లేకుండా. ‘నాలుగు గేదెలకు కాళ్లెన్ని?’ లాంటివి. తర్వాత పది నిమిషాలు వస్తువులతో కొత్త పాఠం. ఆపైన పది నిమిషాలు పలక మీదో పుస్తకంలోనో సాధన. ఐదారు లెక్కలు చాలు, అందులో రెండు పాత పాఠాల్లోవి ఉండాలి. చివరి ఐదు నిమిషాలు ఆట. వామనగుంటల్లో చింతపిక్కలు పంచడం, గవ్వలు వేసి గడులు జరపడం, పులిజూదంలో ఎత్తు ఆలోచించడం, ఇవన్నీ లెక్కలే. అవ్వనో తాతనో ఈ భాగానికి పంతులుగా పెట్టుకోండి. వాళ్లకు ఆట తెలుసు, ఓపికా ఉంటుంది.

అరగంట దాటించకండి. వారానికి ఐదు రోజులు చాలు. శెనక్కాయ పీకే రోజుల్లోనో పండగ రోజుల్లోనో పుస్తకం మూసేసినా నోటిలెక్కల ఐదు నిమిషాలు వదలకండి. వేళ్ల మీద లెక్కపెట్టడాన్ని ఆపకండి. వేళ్లు, వేలి కణుపులు బిడ్డ వెంట ఎప్పుడూ ఉండే సామగ్రి. అవసరం తీరాక వాటంతటవే మానుకుంటారు.

ఎక్కాల గురించి ఒక మాట. ‘రెండు రెళ్లు నాలుగు, రెండు మూళ్లు ఆరు’ అని రాగంగా చదవడం మన ఇళ్లలో మంచి అలవాటు, పోగొట్టుకోవద్దు. దానికి ముందు ఇడ్లీ పళ్లేలు చూపించండి. పళ్లెంలో నాలుగు గుంటలుంటే మూడు పళ్లేలకు పన్నెండు. మూడు నాలుగుల పన్నెండు. టమాటా నారు పెంచే ట్రే దొరికితే ఇంకా మేలు. వరుసకు ఏడు గుంతల చొప్పున పద్నాలుగు వరుసలు, మొత్తం 98. అడ్డంగా లెక్కపెట్టినా నిలువుగా లెక్కపెట్టినా అదే వస్తుందని బిడ్డ కనిపెడితే సగం ఎక్కాలు తగ్గినట్టే. కంటితో చూసిన ఎక్కం మరిచిపోయినా బిడ్డ మళ్లీ కట్టుకోగలదు.

భయం, తప్పు, మార్పు

‘నాకూ లెక్కలు రావు, నా పోలికే’ అని బిడ్డ ముందు అనకండి. లెక్కలంటే భయపడే తల్లిదండ్రులు హోంవర్కులో తరచూ సాయపడితే ఆ పిల్లలు లెక్కల్లో తక్కువ నేర్చుకున్నారని 2015లో అమెరికాలో ఒకటి, రెండు తరగతుల పిల్లల మీద జరిగిన పరిశోధన చెప్పింది. భయం ఉన్న తల్లిదండ్రులు పాఠానికి ముందు రోజు రాత్రి ఆ పుల్లలతో తామే ఒకసారి చేసి చూసుకోవాలి. చాలామందికి తమ చిన్నప్పుడు అర్థం కానిది అప్పుడే అర్థమవుతుంది. భయం సగం అక్కడే తీరుతుంది.

బిడ్డ తప్పు చేస్తే ఎర్ర ఇంకుతో కొట్టేయకండి. ‘ఎట్లా చేసినావు, చెప్పు’ అనండి. 32 – 15 = 23 అని రాసిన బిడ్డ ఊరికే రాయలేదు. ఐదులోంచి రెండు తీసేసింది. పెద్ద అంకెలోంచి చిన్న అంకెను తీయాలని అనుకుంది. తప్పు ఎక్కడ పుట్టిందో తెలిస్తే మళ్లీ పుల్లల దగ్గరికి వెళ్లవచ్చు. సరైన జవాబు వచ్చినప్పుడు కూడా అదే ప్రశ్న అడగండి. లేకపోతే ‘ఎట్లా?’ అనగానే తప్పు చేశానని బిడ్డ బెదిరిపోతుంది.

పాఠం ముందుకు కదలకపోతే పుస్తకం మార్చే ముందు ఒక మెట్టు వెనక్కి వెళ్లండి. తీసివేత రావడం లేదంటే కట్టలు కట్టడం దగ్గర ఏదో మిగిలిపోయి ఉంటుంది. ఆరు నెలలకో పుస్తకం మారిస్తే బిడ్డకు ప్రతిసారీ మొదటి నుంచే మొదలవుతుంది. ఏడెనిమిదేళ్లు వచ్చి, ఓపికగా చెప్పినా పది లోపు వస్తువులు లెక్కపెట్టడంలో, ఏది ఎక్కువో చెప్పడంలో ఇబ్బంది పడుతుంటే ముందు చూపు, వినికిడి పరీక్ష చేయించండి. తర్వాత పిల్లల డాక్టరు సలహా తీసుకోండి. అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

నా తీర్పు

బత్తలపల్లిలో ఒక మామూలు ఇంటికి నా సలహా ఇది. రాష్ట్ర ప్రభుత్వ తెలుగు–ఇంగ్లిష్ పుస్తకాన్ని వెన్నెముకగా పెట్టుకోండి. ఆటలకు, చేసి చూసే పనులకు ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాన్ని పక్కన ఉంచుకోండి. రిషివ్యాలీ నిచ్చెనను గోడకు తగిలించండి. చీపురు పుల్లలు, చింతపిక్కలు, పలక, రబ్బరు బ్యాండ్లు ఒక డబ్బాలో వేసుకోండి. ఇంతకు మించి కొనాల్సింది ఏమీ లేదు. ఇంగ్లిష్ బాగా నడిచే ఇళ్లు సింగపూర్ పుస్తకాలు పెట్టుకున్నా తప్పు లేదు. ఒక్కటే కోరేది, ఎంచుకున్నదాన్ని మూడో తరగతి దాకా నిలకడగా నడపండి.

పుస్తకం ఏదైనా రోజూ ఆ అరగంట బిడ్డ పక్కన కూర్చోవాల్సింది మీరే. ఫోను పక్కన పెట్టి కూర్చోండి. బిడ్డ ఆలోచిస్తున్నప్పుడు జవాబు చెప్పేయకుండా ఆగండి. రేపు పొద్దునే మొదలుపెట్టండి, పది పుల్లల కట్టతో.